తూకంలో నీరు, శిక్షలో ఏళ్లు

ఖరీఫ్ కోతలు ముగిసే వేళ తెలుగునాట ఏ ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్లినా ఒకటే దృశ్యం. రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు, మబ్బు పట్టినప్పుడల్లా టార్పాలిన్లు కప్పడానికి పరుగెత్తే కుటుంబం, కాటా పక్కన తేమ కొలిచే చిన్న యంత్రం. యంత్రం 17 శాతానికి మించి చూపితే బస్తా కాటా ఎక్కదు. రైతు మళ్లీ ఆరబోయాలి, మళ్లీ రాత్రులు కాపలా కాయాలి. పత్తి దగ్గరికి వస్తే లెక్క ఇంకా ఖచ్చితం. 8 శాతం తేమ దాకా పూర్తి మద్దతు ధర, అక్కడి నుంచి 12 దాకా శాతానికింత చొప్పున కోత, ఆ పైన తిరస్కరణ. దీనికి ప్రభుత్వం చెప్పే సమర్థన ఒక్కటే: ధాన్యానికి డబ్బిస్తాం గానీ నీటికి ఇవ్వం. అమలులోని అక్రమాల మాట అటుంచితే, సూత్రంగా దాన్ని తప్పుపట్టడం కష్టం.

ఆ సూత్రం పోలీసు స్టేషన్ గడప దాటి లోపలికి పోదు. అదే రాజ్యం గంజాయి మూట పట్టుకుని కాటా వేసినప్పుడు తేమ అన్న మాటే దానికి గుర్తుకు రాదు. పచ్చిగా ఉందా, సగం ఎండిందా, గలగలలాడేలా ఎండి ఉందా అన్న ప్రశ్న పంచనామాలో కనిపించదు. కాటా మీద ముల్లు ఎక్కడ ఆగితే అదే బరువు. ఆ బరువే అభియోగం, ఆ బరువే బెయిలు, ఆ బరువే శిక్ష. ధర కట్టేటప్పుడు నీటిని తీసివేసే రాజ్యం, ఏళ్లు లెక్కకట్టేటప్పుడు అదే నీటిని కలుపుకుంటున్నది.

ఇది మాటల చమత్కారంగా తోచవచ్చు. చట్టం చదివితే తోచదు. మాదకద్రవ్యాల నిరోధక చట్టం, వాడుకలో ఎన్‌డీపీఎస్, 1985లో వచ్చింది. పరిమాణాన్ని బట్టి శిక్షల అంచెలు 2001 సవరణతో ఏర్పడ్డాయి. గంజాయి విషయంలో 1 కిలో లోపు చిన్న పరిమాణం. ఏడాది దాకా జైలు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు, దానితోపాటు లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. నడుమనున్నదానికి పదేళ్ల దాకా ఎంతైనా, అది న్యాయమూర్తి విచక్షణ. అంటే 19 కిలోలతో దొరికినవాడికి రెండేళ్లు పడవచ్చు; 21 కిలోలతో దొరికినవాడికి పదేళ్లకు ఒక్కరోజు తగ్గించే అధికారం న్యాయమూర్తికి లేదు. బెయిలు మాట మరీ కఠినం. వాణిజ్య పరిమాణమైతే 37వ సెక్షన్ అడ్డుపడుతుంది. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణాలున్నాయని, బయటికి వస్తే మళ్లీ నేరం చేయడని, విచారణకు ముందే న్యాయస్థానం సంతృప్తి చెందాలి. అలా సంతృప్తి చెందడం ఎంత అరుదో మన జైళ్లకు తెలుసు.

ఇంతటి భారం మోస్తున్న ఆ 20 కిలోల గీత దేని మీద గీసినది? పూవు మీద. చట్టంలోని నిర్వచనం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు; కొసలతో కలిసి లేని ఆకులూ గింజలూ ఆ నిర్వచనంలోకి రావు. (ఆ ఆకు పుణ్యమా అని ఉత్తరాది రాష్ట్రాల్లో భంగు దుకాణాలు సర్కారు లైసెన్సుతోనే నడుస్తున్నాయి.) ఇప్పుడు ఆ పూవును చూడండి. కోసిన నాటి పూవులో నూటికి 75 నుంచి 80 పాళ్లు నీరు. వినియోగానికి వచ్చే పూవులో ఉండేది 10, 12 పాళ్లు. ఈ రెంటి నడుమ జరిగే ప్రయాణమే ఆరబెట్టడం, మగ్గబెట్టడం.

చట్టబద్ధంగా వైద్యానికి గంజాయి పండించే దేశాల్లో ఆ ప్రయాణం ఎంత జాగ్రత్తగా సాగుతుందో చూస్తే, మన పంచనామాలో ఎంత శూన్యం ఉన్నదో అర్థమవుతుంది. అక్కడ కోసిన కొమ్మలను చీకటి గదుల్లో వేలాడదీస్తారు. ఉష్ణోగ్రత 20 డిగ్రీల అటూ ఇటూ, గాలిలో తేమ 55, 60 శాతం మధ్య. పది రోజులు, రెండు వారాలు. తొందరపడి వేడి పెడితే పైపొర ఎండి లోపలి తేమ బంధీ అవుతుంది, సువాసననిచ్చే తైలాలు ఎగిరిపోతాయి. ఆలస్యమైతే బూజు. ఆపై గాలి చొరబడని పాత్రల్లో పెట్టి వారాల తరబడి మగ్గబెడతారు. మొదటి రోజుల్లో మూత తీసి గాలి ఆడనిస్తారు. అలా పూవు నడిబొడ్డున ఉన్న తేమ అంచులకు సర్దుకుంటుంది. చివరికి నిల్వలో పాత్ర లోపలి తేమ 55 నుంచి 65 శాతం మధ్య నిలవాలని ప్రమాణం. అందుకోసం తేమ ఎక్కువైతే పీల్చుకుని, తక్కువైతే వదిలే చిన్న సంచులు పాత్రలో వేస్తారు. 65 దాటితే బూజు మొలుస్తుంది. బాగా తగ్గితే పూవు పొడిపొడిగా రాలుతుంది. ప్రకాశం జిల్లాలో బ్యారన్ ముందు రాత్రంతా కూర్చున్న పొగాకు రైతుకు ఈ విద్యలో కొత్తేమీ ఉండదు. ఆకు మరీ ఎండితే చేతిలో నలిగిపోతుందని, తడి మిగిలితే బేలులో బూజు పడుతుందని ఆయనకు తెలుసు. గుంటూరు శీతల గిడ్డంగుల్లో మిర్చి దాచినవారికీ తెలుసు. తెలియనట్టు ఉండగలిగింది ఒక్క రాజ్యమే.

ఇప్పుడు లెక్క వేయండి. ముప్పాతిక వంతు నీరున్న పచ్చి గంజాయి 25 కిలోలు పట్టుబడింది. అందులో ఎండు పదార్థం ఆరుంపావు కిలోలు. వాడకానికి తగినట్టు ఎండబెడితే మిగిలేది సుమారు 7 కిలోలు. న్యాయస్థానంలో అది 25 కిలోలే, వాణిజ్య పరిమాణమే. ఇది విపరీత ఉదాహరణ అంటారా, మామూలుది తీసుకోండి. తొందరగా ఎండబెట్టి, లోపల ఇంకా 25 శాతం తేమ మిగిలి ఉండగానే మూటకట్టిన సరుకు 22 కిలోలు. దాన్నే 12 శాతం తేమకు తెస్తే 18 కిలోల 750 గ్రాములు. గీతకు అవతల ఉన్న మనిషి ఇవతలికి వచ్చాడు. పదేళ్ల కనీస శిక్ష, 37వ సెక్షన్ ఇనుప తలుపు, రెండూ తొలగిపోయాయి. తొలగించింది వకీలు వాగ్ధాటి కాదు, పది రోజుల నీడ.

ఆ పది రోజుల నీడ ఎవరికి దొరుకుతుంది? ఇక్కడే ఈ లెక్క సామాజిక లెక్క అవుతుంది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దుల్లో, చింతపల్లి, జి. మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు కొండల మీద, అవతల మల్కన్‌గిరి, కోరాపుట్ వైపు, చలికాలంలో ఈ పంట చేతికొస్తుంది. లంబసింగి పొగమంచు చూడటానికి నగరవాసులు కార్లలో బారులు తీరే రోజులే అవి. ఆ మంచులో దొంగచాటుగా కోసినదాన్ని దొంగచాటుగానే ఎండబెట్టాలి. డ్రోను తిరుగుతుంది, దాడి భయం వెన్నాడుతుంది. నిదానంగా నీడన ఆరబెట్టే తీరిక ఆదివాసీ రైతుకు ఉండదు. ఆరీ ఆరనిదాన్ని నొక్కి, ప్యాకెట్లు కట్టి, గోధుమరంగు టేపు చుట్టి పంపుతారు. నెత్తిన మోసేది, బస్సు సీటు కింద పెట్టుకుని కూర్చునేది కూలికి వచ్చిన కుర్రాడు. పట్టుబడేదీ అతడే, తడి బరువుకు జవాబు చెప్పేదీ అతడే. ఆ సరుకు నాగపూర్ దాటి, ముంబయి చేరి, ఎవరి గదిలోనో తీరిగ్గా ఆరి, గ్రాముల్లో విడిపోయేసరికి నీరంతా పోయి ఉంటుంది. అక్కడ దొరికినవాడి బరువు ఎప్పుడూ తేలికే. విశాఖ కేంద్ర కారాగారం గంజాయి కేసుల ఖైదీలతో నిండిపోయిందన్నది పలుమార్లు వార్తలకెక్కిన సంగతి. పెట్టుబడి పెట్టినవాళ్లతో నిండిందన్న వార్త మాత్రం ఇంతవరకు ఎక్కడా రాలేదు.

సుప్రీంకోర్టు ఈ వాదనను ముందే తోసిపుచ్చిందని ప్రభుత్వ న్యాయవాదులు అనవచ్చు. 2008లో మైఖేల్ రాజ్ కేసులో మిశ్రమంలోని అసలు మత్తుపదార్థం బరువే లెక్కలోకి రావాలని కోర్టు అన్నది. మరుసటి ఏడు కేంద్రం నోటిఫికేషన్‌తో ఆ దారి మూసింది. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పాత తీర్పు సరికాదని, కలిపిన తటస్థ పదార్థంతో సహా మొత్తం బరువునే తీసుకోవాలని తేల్చింది. ఆ తీర్పు వెనుక ఒక తర్కం ఉంది. హెరాయిన్‌లో సోడా కలిపి అమ్మేవాడు ఆ సోడాను చూపి శిక్ష తగ్గించుకోకూడదు; వీధిలో అమ్ముడయ్యేది ఆ మిశ్రమమే. దాన్ని ఒప్పుకుందాం. కానీ పచ్చి పూవులోని నీరు ఎవరూ కలిపినది కాదు, ఎవరికీ అమ్ముడయ్యేదీ కాదు. వాడకానికి ముందే అది ఆవిరై పోయి తీరాలి. తడి గంజాయిని ఎవరూ కాల్చలేరు. వీధికి చేరే సరుకు బరువే నేరానికి కొలమానమన్నది హీరా సింగ్ తర్కమైతే, ఆ తర్కమే నీటిని తీసేయమంటున్నది.

ఇదేదో మెతకవాదుల కోరిక అనుకునేవారు అమెరికా వైపు చూడవచ్చు. మాదకద్రవ్యాల మీద యుద్ధమని పేరు పెట్టి లక్షలాది మందిని జైళ్లలో కుక్కిన దేశం అది. అక్కడి ఫెడరల్ శిక్షా మార్గదర్శకాల్లో సైతం ఒక వివరణ ఉంది: వానలో తడిసిన గంజాయి బేలు గానీ, కోసి ఇంకా ఆరబెట్టని గంజాయి గానీ దొరికితే, ఆ అదనపు తేమను మినహాయించి బరువు అంచనా కట్టాలి. ఎండబెడితే తప్ప వాడకానికి పనికిరానంత తేమ ఉన్నప్పుడు ఆ తేమకు శిక్ష వేయకూడదన్నది అక్కడి నియమం. అంత కర్కశమైన మాదకద్రవ్య చట్టాలున్న చోట దొరికే ఈ పాటి ఇంగితం మన నోటిఫికేషన్లలో కనపడదు.

ఆ మాటకొస్తే మన గడ్డ మీద అది ఒకప్పుడు ఉండేది, అదీ వలస పాలకుల చేతుల్లో. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగావ్ ప్రాంతం పందొమ్మిదో శతాబ్దంలో బెంగాలుకంతటికీ గంజాయి సరఫరా చేసేది. సాగుకు లైసెన్సు, సరుకుకు గోలా అనే గిడ్డంగి, గిడ్డంగి దాటాలంటే సుంకం. 1893లో నియమించిన గంజాయి కమిషన్ నివేదికలో ఆ తయారీ అంతా వివరంగా నమోదై ఉంది. పొలంలో మగ మొక్కలను ఏరి పారేయడానికి ప్రత్యేకంగా నిపుణులుండేవారు. కోసిన కొసలను కళ్లంలో ఎండలో పరిచి, కాళ్లతో తొక్కి, బల్లపరుపుగా ఒక రకం, గుండ్రంగా చుట్టి మరొక రకం చేసేవారు. రాలిన పూత పొడి మూడో రకం. ఎక్సైజు శాఖ ఈ మూటికీ ఒకే రేటు కట్టలేదు. పుల్ల ఎక్కువున్నదానికి తక్కువ సుంకం, పుల్ల లేని పొడికి ఎక్కువ సుంకం. గోలాలో ఎండి తరిగే బరువుకు కూడా లెక్క ఉండేది. కారణం దయ కాదు, ఖజానా. తరుగు ఎంతో తెలియకపోతే దొంగతనం ఎంతో తెలియదు. రాబడి వచ్చినన్నాళ్లూ తెల్లదొర నీటిని, పుల్లను, పూవును విడదీసి చూశాడు. రాబడి పోయి నేరం మాత్రమే మిగిలాక స్వతంత్ర రాజ్యం మూడింటినీ ఒకే సంచిలో వేసి తూస్తున్నది. కొన్ని హైకోర్టులు మేలుకుని, పూవు నుంచి ఆకునూ కాడనూ వేరుచేయకుండా తూచారన్న కారణంతో బెయిళ్లు ఇస్తున్నాయి. మంచిదే. వేరుచేసిన పూవులోని నీటి సంగతి ఇంకా మిగిలే ఉంది.

ఇది నిందితుడికి జరిగే అన్యాయం. దీనికి రెండో ముఖం ఉంది. అక్కడ దెబ్బతినేది ప్రాసిక్యూషనే.

పట్టుకున్న సరుకు పోలీసు స్టేషన్ మాల్‌ఖానాకు చేరుతుంది. ప్లాస్టిక్ సంచిలో బిగించి లక్క సీలు వేసిన తడి పూవుకు ఏమవుతుందో వంటింట్లో కొత్తిమీర కట్టను కవరులో మరచిపోయిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. చెమర్చుతుంది, నల్లబడుతుంది, బూజు పడుతుంది. గోనెసంచిలో వేస్తే మరో కథ. వేసవిలో ఎండుతుంది, వానాకాలంలో మళ్లీ తేమ పీల్చుతుంది. బరువు ఋతువుతోపాటు ఊగిసలాడుతుంది. లోపలి మందు కూడా నిలవదు. మిసిసిపీ విశ్వవిద్యాలయ పరిశోధకులు గది ఉష్ణోగ్రతలో దాచిన గంజాయిని నాలుగేళ్లు పరీక్షించారు. మత్తునిచ్చే టీహెచ్‌సీ మొదటి ఏడాదిలోనే సుమారు 17 శాతం తగ్గింది. నాలుగేళ్లకు 40 శాతం పైచిలుకు పోయింది. అది అక్కడి గది. రేకుల కప్పు కింద, మే నెలలో, మన మాల్‌ఖానా గదిలో ఎంత పోతుందో కొలిచే నాథుడు లేడు. ఆ గదిలో బూజు ధూళి పీలుస్తూ రిజిస్టరు రాసుకునే కానిస్టేబుల్ ఆరోగ్యం సంగతి ఏ నివేదికలోనూ కనిపించదు.

అందువల్ల విచారణ నాటికి, అంటే రెండేళ్లకో నాలుగేళ్లకో, సంచి తెరిచి తూస్తే బరువు మొదటి లెక్కతో కలవదు. అప్పుడు మూడు వివరణలకు అవకాశం ఉంటుంది: ఎండి తగ్గింది, ఎవరో తీశారు, అసలు సరుకే మార్చారు. మూడింట్లో ఏది నిజమో చెప్పగల ఒకే ఒక్క అంకె, పట్టుకున్న నాటి తేమ శాతం, ఎవరూ రాసి ఉంచలేదు. కనుక రాజ్యం నాలుగో వివరణ వెతుక్కుంటుంది. ఎలుకలు.

2022లో ఉత్తరప్రదేశ్‌లోని మథురలో షేర్‌గఢ్, హైవే పోలీసు స్టేషన్లలో దాచిన 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని పోలీసులు ప్రత్యేక న్యాయస్థానానికి నివేదించారు. మరుసటి ఏడు చెన్నైలో 22 కిలోల గంజాయి కేసులో సరుకును ఎలుకలు తిన్నాయన్నారు, నిందితులిద్దరూ విడుదలయ్యారు. 2024లో ధన్‌బాద్ వంతు వచ్చింది: 10 కిలోల భంగు, 9 కిలోల గంజాయి, మళ్లీ అవే ఎలుకలు. దేశం నవ్వింది. నవ్వదగినదే. అయితే ఆ నవ్వులో ఒక సంగతి మరుగున పడింది. ఎలుక కొంత తిని ఉండవచ్చు, ఇంటిదొంగ ఎక్కువే తీసి ఉండవచ్చు, మిగిలినది ఎండి ఉండవచ్చు. వీటిని విడదీసే సాధనం తన దగ్గర లేకుండా చూసుకున్నది పోలీసు శాఖే. తరుగు లెక్క లేని గిడ్డంగిలో ఏ దొంగతనానికైనా ఎలుక సాక్ష్యం సరిపోతుంది.

సుప్రీంకోర్టుకు ఈ దుస్థితి తెలియక కాదు. మోహన్‌లాల్ కేసులో 2016 జనవరిలో ఇచ్చిన తీర్పు మాల్‌ఖానాల మీద ఒక అభిశంసన. పట్టుకున్న మాదకద్రవ్యాలను మాత్రమే దాచే ప్రత్యేక గిడ్డంగులు, పటిష్ఠమైన గదులు, రెండు తాళాల ఏర్పాటు ఆరు నెలల్లో కల్పించాలని కేంద్ర రాష్ట్రాలను ఆదేశించింది. ఆదేశం గొప్పదే. అందులోని ఆందోళన అంతా దొంగ గురించి. రెండు తాళాలు దొంగను ఆపుతాయి, ఆవిరిని ఆపవు. 2022 డిసెంబరులో కేంద్రం తెచ్చిన స్వాధీనం, నిల్వ, నమూనా నిబంధనలు ఎలక్ట్రానిక్ కాటా గురించి, సీళ్ల గురించి, నమూనా పరిమాణం గురించి వివరంగా చెప్పాయి. గంజాయికి నమూనా 24 గ్రాములు. ఎండబెట్టి తూచి తేమ శాతం తేల్చడానికి అందులో కొద్ది గ్రాములు చాలు. ప్రతి మందుల కంపెనీ ప్రయోగశాలలో రోజూ జరిగే పని అది: తూచడం, పొయ్యిలాంటి పెట్టెలో ఎండబెట్టడం, మళ్లీ తూచడం.

2025 జనవరిలో భరత్ అంబాలే కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ కొరతను మరింత ముఖ్యం చేసింది. 52ఏ సెక్షన్ పద్ధతి పాటించనంత మాత్రాన కేసు కొట్టుకుపోదని, భౌతిక సాక్ష్యంలో తేడాలుండి ప్రాసిక్యూషన్ కథే అనుమానాస్పదమైతే తప్ప శిక్ష నిలుస్తుందని ఆ తీర్పు సారాంశం. అది ఛత్తీస్‌గఢ్ గంజాయి కేసే. అంటే ఇక మీదట పోరాటమంతా తేడాల చుట్టూ జరుగుతుంది. గంజాయి విషయంలో తేడా లేని కేసు ఉండదు. ఎండే వస్తువు తూకం తగ్గి తీరుతుంది. తగ్గకపోతేనే అనుమానించాలి! నాలుగేళ్ల తర్వాత కూడా తొలి పంచనామాలోని బరువే గ్రాము తేడా లేకుండా నమోదైన రిజిస్టరు చూస్తే న్యాయమూర్తికి ముందుగా కలగవలసినది విశ్వాసం కాదు. కానీ ఇవాళ మన కోర్టుల్లో అలా కలిసిన అంకెకే గౌరవం. సహజంగా తగ్గిన అంకె నేరస్థుడికి ఆయుధం. నిజాయితీగా తూచిన అధికారి బోనులో తలవంచుకుంటాడు, పాత అంకెనే ఎక్కించినవాడు దర్జాగా దిగివస్తాడు.

సరుకును వెంటనే తగలబెడితే గొడవే ఉండదు కదా అనవచ్చు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒక్కరోజే దహనం చేశారు. కెమెరాలు వచ్చాయి, మంటలు కనువిందు చేశాయి, కోట్ల రూపాయల విలువ ప్రకటించారు. త్వరగా నాశనం చేయాలనే 52ఏ సెక్షన్ కూడా చెబుతుంది. దొంగతనం, మార్పిడి, సరైన నిల్వ చోటు లేకపోవడం వంటి కారణాలను చట్టమే పేర్కొన్నది. కాబట్టి దహనం తప్పు కాదు. అయితే దహనం తర్వాత మిగిలే సాక్ష్యం కాగితం ఒక్కటే. ఆ కాగితం మీద ఉన్న బరువు తడిదో పొడిదో ఇక ఎన్నటికీ తెలియదు. నిందితుడి తరఫు వకీలు మళ్లీ తూచమని అడగడానికి వస్తువే ఉండదు. దహనం ఎంత తొందరగా జరగాలనుకుంటే, దానికి ముందు రాసే కాగితం అంత సంపూర్ణంగా ఉండాలి. ఆ 2 లక్షల కిలోల్లో నీరెంతో ఎవరైనా కొలిచి ఉంటే, ప్రకటించిన కోట్లలో ఎన్ని కోట్లు పొగమంచువో తేలేది.

ఇలాంటి మినహాయింపు ఇస్తే స్మగ్లర్లు లాభపడతారన్న అభ్యంతరం ఎలాగూ వస్తుంది. తేమ తీసిన లెక్కతో లాభపడేది తడి సరుకుతో దొరికినవాడు. అంటే పొలం దగ్గరివాడు, మోసేవాడు. ఎండిన సరుకు గోదాములో పెట్టుకున్న వ్యాపారికి ఒక్క గ్రాము కూడా తగ్గదు. పైగా తేమ నమోదైతే ఆ వ్యాపారి వకీలుకు ఇష్టమైన వాదన, బరువు కలవలేదు కనుక సరుకు మార్చారన్న వాదన, చేతి నుంచి జారిపోతుంది. ఇంత తేమతో ఇంత బరువు, ఎండాక ఇంత మిగలాలి, ఇంతే మిగిలింది అని ప్రాసిక్యూటర్ నిలబడి చెప్పగలడు. చెప్పలేని చోట మాల్‌ఖానా అధికారి సంజాయిషీ ఇవ్వాలి. ఈ చివరి వాక్యమే బహుశా అసలు అడ్డంకి.

విచిత్రమేమిటంటే, గంజాయిని చట్టబద్ధం చేసే దిశగా అడుగులు వేసేటప్పుడు మన ప్రభుత్వాలకు ఎండు బరువు హఠాత్తుగా గుర్తుకొస్తుంది. నార కోసం సాగుచేసే మొక్కలో టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదని ఉత్తరాఖండ్ నియమం పెట్టుకుంది; ప్రపంచమంతటా ఆ శాతాన్ని లెక్కించేది ఎండు పదార్థం మీదే. హిమాచల్‌ప్రదేశ్ శాసనసభ 2024 సెప్టెంబరులో ఔషధ, పారిశ్రామిక సాగుకు అనుకూలంగా తీర్మానం చేసింది. రేపు అక్కడ లైసెన్సు పొందిన కంపెనీ గిడ్డంగిలో తేమ నియంత్రణ ఉంటుంది, గంటగంటకూ అంకెలు నమోదవుతాయి, తరుగుకు మినహాయింపు దొరుకుతుంది. పాడేరు ఘాట్ రోడ్డు చెక్‌పోస్టు దగ్గర దొరికిన కుర్రాడి సంచికి మాత్రం పాత కాటాయే.

దీన్ని సరిచేయడానికి పార్లమెంటు సమావేశం కానక్కర్లేదు. 52ఏ సెక్షన్ రెండో ఉపవిభాగం కింద అధికారి తయారుచేసే జాబితాలో సరుకు వివరం, నాణ్యత, పరిమాణం, ప్యాకింగ్ తీరు, గుర్తులు, సంఖ్యలు, గుర్తుపట్టడానికి పనికివచ్చే ఇతర వివరాలు ఉండాలని చట్టం ఇప్పటికే అంటున్నది. మేజిస్ట్రేటు ముందు జాబితా ధ్రువీకరించే నాడు తేమ శాతం అనే ఒక గడి ఆ కాగితంలో చేరాలి. ఇరవై కిలోలకు అటూ ఇటూ ఉన్న ప్రతి కేసులో ప్రయోగశాల నివేదికతోపాటు ఎండు బరువు రావాలి. రెండు తాళాల గదిలో తేమ, ఉష్ణోగ్రత చూపే గడియారం లాంటి పరికరం ఒకటి గోడకు వేలాడాలి. దాని రోజువారీ అంకెలు రిజిస్టరులోకి ఎక్కాలి. కేంద్ర ఆర్థికశాఖ రెవెన్యూ విభాగం ఒక సవరణతో చేయగల పని ఇది. అందాకా ఆగలేమనుకునే జిల్లా ఎస్పీ ఎవరైనా ఉంటే, సంక్రాంతి దాటి కొనుగోళ్లు ముగిశాక మండల కేంద్రంలోని ధాన్యం కొనుగోలు కేంద్రానికి కబురు పంపి చూడవచ్చు. ఆ యంత్రం వడ్లకు చేసినది, పూవుకు సరిపడేలా సరిదిద్దుకోవాలి. కానీ అది రబీ కోతల దాకా అక్కడ బీరువాలో ఖాళీగానే పడి ఉంటుంది.